పిత్రార్జిత స్వేచ్ఛ: బర్కు ఉపన్యాసమూ, చిత్తూరు బతుకూ

ఇంగ్లీషువాడి స్వేచ్ఛాప్రీతిని గురించి మన దేశంలో చాలాకాలంగా రెండు అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నాయి. బ్రిటిషు రాజ్యాంగ పద్ధతులే మనకు ప్రజాస్వామ్యం నేర్పాయనీ, ఆ ఋణం తీరేది కాదనీ కొందరంటారు. అదంతా దొరల బూటకమనీ, పౌరహక్కులనేవి ధనికవర్గం తన ఆస్తి చుట్టూ కట్టుకున్న కంచె తప్ప మరేమీ కావనీ మరికొందరంటారు. ఈ రెండు అభిప్రాయాలనూ చరిత్ర అనే గీటురాయి మీద గీసి చూడవలసిన అవసరం ఉంది. అందుకు లండను దాకా పోనక్కరలేదు. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల రెండువందల ఏళ్ళ చరిత్రే చాలు.

1785 ఫిబ్రవరి 28వ తేదీన ఎడ్మండు బర్కు కామన్సు సభలో ఒక దీర్ఘోపన్యాసం చేశాడు. దాని విషయం ఆర్కాటు నవాబు అప్పులు. చిత్తూరు, చంద్రగిరి, తిరుపతి, కాళహస్తి అన్నీ ఆనాడు ఆ నవాబు ఏలుబడి కిందివే. నవాబు మహమ్మదాలీకి కంపెనీ ఉద్యోగులే అధిక వడ్డీలకు అప్పులిచ్చారు. ఆ అప్పుల కింద ఊళ్ళకు ఊళ్ళ శిస్తును తమకు రాయించుకున్నారు. అసలు ఎంత, వడ్డీ ఎంత, ఇచ్చింది నిజమా, కాగితం మీద మాటా అన్న విచారణ లేకుండానే ఆ అప్పులు చెల్లుబాటు చెయ్యటానికి పిట్ ప్రభుత్వం సిద్ధపడింది. దాన్ని బర్కు ఎండగట్టాడు. 1780లో హైదరాలీ దండయాత్రతో పాడుపడిన కర్ణాటక సీమను సభ కళ్ళకు కట్టించాడు. ఆ హైదరాలీ 1782 డిసెంబరులో చిత్తూరు సమీపంలోని విడిదిలోనే కన్నుమూశాడని ఇక్కడివారందరికీ తెలుసు. మన రైతు చెమట లండను సభలో చర్చకు వచ్చిన సందర్భాల్లో ఇది మొదటివాటిలో ఒకటి. బర్కు ఆగ్రహం నిజమైనదే. దాన్ని తక్కువ చెయ్యవలసిన పని లేదు.

అయితే ఈ బర్కే అయిదేళ్ళ తరువాత, 1790లో, ఫ్రెంచి విప్లవాన్ని ఖండిస్తూ గ్రంథం రాశాడు. అతడు విగ్గు పక్షంవాడు. అయినా తరువాతి కన్సర్వేటివులందరూ అతణ్ణే తమ గురువుగా స్వీకరించారు. ఆ గ్రంథంలోని ముఖ్య సిద్ధాంతాన్ని మన ధర్మశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, స్వేచ్ఛ పిత్రార్జితం. అది మానవుడై పుట్టిన ప్రతివాడికీ సహజంగా వచ్చే హక్కు కాదు. 1215 నాటి మాగ్నాకార్టా నుంచి, 1679 నాటి హెబియస్ కార్పస్ చట్టం నుంచి, 1689 నాటి హక్కుల శాసనం నుంచి తాతతండ్రుల ద్వారా ఇంగ్లీషువాళ్ళకు సంక్రమించిన ఆస్తి. దాన్ని జాగ్రత్తగా అనుభవించాలి, అవసరమైతే కొద్దిగా మరమ్మతు చేసుకోవాలి, బిడ్డలకు అప్పగించాలి. పడగొట్టి కొత్తగా కట్టకూడదు.

ఈ సిద్ధాంతంలో కొంత నిజముంది. కాగితం మీది గొప్ప ప్రకటనకంటె, జైలరును కోర్టుకు పిలిపించి ఈ మనిషిని ఏ చట్టం కింద బంధించావని అడగగల చిన్న ఉత్తర్వు ఎక్కువ పని చేస్తుంది. కాని పిత్రార్జితమనగానే మన పల్లెల్లో ఎవరైనా అడిగే ప్రశ్న ఒకటుంది: వారసులెవరు? దాయాదుల్లో పేరు లేనివాడి గతి ఏమిటి? మితాక్షర న్యాయం ప్రకారం కొడుకుకు పుట్టుకతోనే హక్కు వస్తుంది. పాలేరుకు ఎన్నేళ్ళు పనిచేసినా రాదు. బ్రిటిషు స్వేచ్ఛ మన సీమకు వచ్చినప్పుడు మన ప్రజల స్థానం పాలేరు స్థానమే.

1801 జులైలో కంపెనీ కర్ణాటకాన్ని పూర్తిగా స్వాధీనం చేసుకుంది. బంగారుపాళెం, నరగంటి, పాకాల, పులిచెర్ల మొదలైన చిత్తూరు పాళెగాండ్రు కొత్త ప్రభుత్వానికి లొంగలేదు. 1804, 1805 సంవత్సరాల్లో సైన్యాన్ని పంపి కంపెనీ వారిని అణచివేసింది. పాళెగాండ్రు ప్రజాస్వామికవాదులేమీ కారు. రైతుల మీద కావలి రుసుములు వసూలు చేసిన చిన్న దొరలు. కాని గమనించవలసిన దేమిటంటే, పాళెము కూడా పిత్రార్జితమే. తాతల నాటి హక్కు పవిత్రమని లండనులో బోధించినవారు, ఆ హక్కు తమ శిస్తుకు అడ్డు వచ్చినప్పుడు చిత్తూరులో ఫిరంగితో జవాబు చెప్పారు. ఆ వెనుక 1819లో మద్రాసు రెండవ రెగ్యులేషను వచ్చింది. నేరం మోపకుండా, విచారణ జరపకుండా, రాజ్య శ్రేయస్సు పేరుతో ఎవరినైనా నిర్బంధించే అధికారాన్ని అది ప్రభుత్వానికి ఇచ్చింది. హెబియస్ కార్పస్ ఇంగ్లండు పిత్రార్జితమైతే, విచారణలేని నిర్బంధం మనకు వారు రాసిచ్చిన వీలునామా.

తిరుమల కొండ మీద కూడ ఇదే కథ మరొక రూపంలో నడిచింది. కంపెనీ దేవాలయం ఆదాయాన్ని తన లెక్కల్లోకి తెచ్చుకుంది. 1821లో బ్రూసు అనే అధికారి పేరుతో ఆలయ నిర్వహణకు నిబంధనావళి వచ్చింది. పూజలు, కైంకర్యాలు, ఆచారాలు మాత్రం యథాతథంగా ఉండనిచ్చారు. ఆచారాన్ని గౌరవించటమూ, రాబడిని తీసుకోవటమూ రెండూ ఒకే విధానంలోని రెండు అంగాలు. చివరకు కంపెనీ విగ్రహారాధనతో సంబంధం పెట్టుకోరాదని ఇంగ్లండులో క్రైస్తవాభిప్రాయం గట్టిపడిన తరువాత, 1843లో నిర్వహణను హథీరాంజీ మఠం మహంతుకు అప్పగించారు. 1933లో కమిటీ వచ్చేదాకా తొంభై ఏళ్ళు మహంతులే ధర్మకర్తలు. దూరదేశంలోని ఒక వాదం గెలిస్తే ఇక్కడ కొండమీది తాళపుచెవులు చేతులు మారాయి. ఆ గుడికి కానుకలు మోసిన భక్తకోటిని మాత్రం ఎవరూ సలహా అడగలేదు.

1857 తరువాత పాలన నేరుగా రాణి చేతికి వచ్చింది. ఈ కాలపు సంప్రదాయవాదానికి నిజమైన ప్రతినిధి జేమ్సు ఫిట్జ్‌జేమ్సు స్టీఫెను. లిబరలు వాతావరణంలో పెరిగి, భారతదేశంలో వైస్రాయి సభలో న్యాయ సభ్యుడిగా పనిచేసిన తరువాత, జాన్ స్టూఅర్టు మిల్లు స్వేచ్ఛావాదాన్ని ఖండిస్తూ 1873లో పుస్తకం ప్రకటించాడు. రాజ్యానికి పునాది బలప్రయోగమేనన్నది దాని సారాంశం. ఇతడి చేతిమీదుగానే 1870లో శిక్షాస్మృతిలోకి 124ఎ సెక్షను, అంటే రాజద్రోహ నేరం, ప్రవేశించింది. ఇతడు తయారు చేసిన 1872 నాటి సాక్ష్య చట్టం చిత్తూరు జిల్లాకోర్టులోనూ, తిరుపతి మునసబు కోర్టులోనూ తరతరాల ప్లీడర్లకు జీవనాధారమైంది. ఒకే చేయి ఒక వైపు సాక్షి మాటను ఎలా తూచాలో నేర్పింది. మరొక వైపు మాటాడటమే నేరం చేసింది. గట్టు తగాదాకు న్యాయం ఉంది; గవర్నమెంటుతో తగాదాకు లేదు. బ్రిటిషు న్యాయపాలన పట్ల మన మధ్యతరగతిలో పాతుకుపోయిన గౌరవానికీ, పల్లెజనంలో పాతుకుపోయిన భయానికీ మూలం ఇక్కడే ఉంది.

ఆ పల్లెజనానికి స్వేచ్ఛ అంటే ఏమిటి? పార్లమెంటు కాదు, పత్రిక కాదు. కరణం, మునసబు, తలారి, రెవెన్యూ ఇనస్పెక్టరు, ఫారెస్టు గార్డు: వీరి మధ్య ఎంత మెసలగలిగితే అంత. 1882 నాటి మద్రాసు అడవుల చట్టం తరువాత, తరతరాలుగా పశువులను తోలుకుపోయిన కొండ రిజర్వు అయింది. మేపుకు రుసుము కట్టాలి, కట్టెకు చీటీ కావాలి, లేకపోతే పశువు బందెలదొడ్డికి పోతుంది. ఆవు మేసే హక్కు కూడా తాతలనాటిదే. కాని దానికి దస్తావేజు లేదు. దస్తావేజు లేని పిత్రార్జితాన్ని బ్రిటిషు న్యాయం గుర్తించలేదు. ఇంకా కింది మెట్టున ఉన్న ఎరుకల వంటి జాతుల మీద నేరస్థ జాతుల చట్టం పడింది. 1911 చట్టం మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తించింది. పుట్టుకే నేరమైంది, పేరు రిజిస్టరులో ఎక్కినవాడు పోలీసులకు హాజరు చెప్పుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. స్వేచ్ఛ పిత్రార్జితమైన రాజ్యంలో నేరం కూడా పిత్రార్జితమైంది. మద్రాసులో 1947లోనూ, దేశమంతటా 1952లోనూ ఈ చట్టం రద్దయింది. దాని స్థానంలో వచ్చిన అలవాటు నేరస్థుల చట్టాలు పాత అనుమానాన్ని పూర్తిగా పోనివ్వలేదు.

1917 జూనులో అనీబిసెంటును ప్రభుత్వం నిర్బంధించినప్పుడు మద్రాసు రాష్ట్రమంతటా ఆందోళన చెలరేగింది. ఆనాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో ఆమె అనుయాయుల కళాశాల ఉంది. అక్కడికి వచ్చిన ఐరిషు కవి జేమ్సు కజిన్సు చరిత్ర ఇక్కడ చెప్పుకోదగ్గది. 1916లో డబ్లినులో జరిగిన తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసినందుకు అతడు బిసెంటమ్మ పత్రికలోనే ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. బ్రిటిషు రాజ్యాంగ పద్ధతిలో స్వపరిపాలన కోరే ఉద్యమానికి కూడా ఒక హద్దు ఉంది: మాట ఎంతైనా ఆడవచ్చు, ప్రజలు వీధిలోకి వచ్చినచోట మాట ఆగిపోవాలి. 1919లో గాంధీ రౌలటు చట్టం మీద సత్యాగ్రహం ప్రారంభించినప్పుడు ఆమె వ్యతిరేకించటం ఈ దృష్టితో చూస్తే ఆశ్చర్యకరం కాదు.

1919 సంస్కరణలతో ద్వంద్వ ప్రభుత్వం వచ్చింది. మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రులైన ఇద్దరు ఈ ప్రాంతంవారే. కాళహస్తిలో పుట్టిన పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారు 1921 నుంచి 1926 దాకా, తిరుత్తణి దగ్గరి వేలంజేరిలో పుట్టి చిత్తూరులో ప్లీడరుగా ఉన్న బొల్లిని మునుస్వామి నాయుడు 1930 నుంచి 1932 దాకా పదవిలో ఉన్నారు. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనిదే. వీరి జస్టిసు పార్టీ బ్రిటిషు సంబంధాన్ని కోరుకున్నది కనుక వీరిని రాజభక్తులని ఒక్క మాటలో తోసివేయటం పరిపాటి. అది సరికాదు. ఉద్యోగాల్లో బ్రాహ్మణేతరులకు వాటా, మఠాల, దేవాలయాల ఆస్తుల మీద ప్రభుత్వ పర్యవేక్షణ, వీటి విషయంలో వారు సంప్రదాయాన్ని ఎదిరించినవారే. హిందూ ధర్మాదాయ చట్టం మీద మఠాధిపతులు చేసిన గొడవ అందుకు నిదర్శనం. తిరుపతి దేవస్థానాన్ని మహంతు చేతినుంచి తప్పించిన 1932 చట్టం మునుస్వామి నాయుడు కాలంలోనిదే.

కాని పౌరస్వేచ్ఛల విషయానికి వచ్చేసరికి వారి చేతులు కట్టేసి ఉన్నాయి. ఆ కట్టు విప్పుకోవాలని వారూ పట్టుపట్టలేదు. శాంతిభద్రతలు, భూమిశిస్తు గవర్నరు వద్ద రిజర్వు. విద్య, స్థానిక పరిపాలన వంటివి మంత్రుల వద్ద. రాష్ట్ర జనాభాలో నూటికి ముగ్గురికి మాత్రమే ఓటు. 1932లో శాసనోల్లంఘనం చేసినవారి తలలు లాఠీల కింద పగులుతుంటే మంత్రివర్గం బడులు, బాటలు, ఆసుపత్రులు చూసుకుంటూ కూర్చున్నది. ఆ మునుస్వామి నాయుణ్ణి కూడ చివరకు దించినది ప్రజలు కాదు, ఆయన పార్టీలోని జమీందారులు. రైతుకుటుంబం నుంచి వచ్చినవాడి తరువాత ఆ స్థానంలో బొబ్బిలి రాజా కూర్చున్నాడు. పార్లమెంటరీ పద్ధతి ఉన్నది. కాని ఆ పద్ధతిని నడిపే బలం ఆస్తిదే.

ఈ వాతావరణంలో వీరందరికంటె విశిష్టమైన వ్యక్తి కట్టమంచి రామలింగారెడ్డి. 1880లో చిత్తూరు పక్క కట్టమంచిలో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, అక్కడి విద్యార్థుల చర్చాసభకు ఉపాధ్యక్షుడైన తొలి భారతీయుడు. 'కవిత్వతత్త్వ విచారము' ద్వారా మన సాహిత్య విమర్శను గుడ్డి ఆరాధన నుంచి తప్పించినవాడిగా ఆయనను మనమెరుగుదుము. రాజకీయాల్లో ఆయన ఆయుధం కూడా విచారమే. జస్టిసు పార్టీ తరఫున శాసనసభలో ప్రవేశించి, దానితో విభేదించి, 1923 నవంబరులో పానగల్లు మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం ప్రతిపాదించాడు. మన దేశంలోని శాసనసభల్లో అటువంటి తీర్మానం అదే మొదటిది. ఇరవైకి పైగా ఓట్ల తేడాతో అది వీగిపోయింది. అయినా ప్రభుత్వాన్ని సభలో నిలబెట్టి సమాధానం అడగవచ్చునన్న ఆచారానికి బీజం పడింది.

1930లో ఉప్పు సత్యాగ్రహం మీద ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. పదవులకోసం పడిగాపులు పడే విద్యావంతుల మధ్య ఇది సామాన్యమైన పని కాదు. 1936లో మళ్ళీ ఆ పదవికి ఎన్నికయ్యాడు. 1937లో కాంగ్రెసు మంత్రివర్గాలు వచ్చిన తరువాత, వాటి పాలనను విమర్శిస్తూ 1940లో ఇంగ్లీషులో పుస్తకం ప్రకటించాడు. 1942లో బ్రిటిషు ప్రభుత్వం ఇచ్చిన సర్ బిరుదు స్వీకరించాడు. అదే సంవత్సరం ఆగస్టులో వేలాదిమంది విచారణ లేకుండా జైళ్ళ పాలయ్యారు.

దీన్ని అవకాశవాదమనటం తేలిక. కాని ఆలోచిస్తే ఇందులో ఒక పొందిక కనిపిస్తుంది. అధికారం ఎవరి చేతిలో ఉన్నా దానికి ప్రతిపక్షం ఉండాలి. ప్రభుత్వం తాత్కాలికం, నియమం శాశ్వతం అన్నది ఆయన నమ్మకం. బ్రిటిషు రాజకీయాల నుంచి నేర్చుకోదగినదాన్ని ఆయన నేర్చుకున్నాడు. అందులో లేనిదే ఆయనలోనూ లేదు. ఆయన స్వేచ్ఛకు సభ ఉంది, వీధి లేదు. వక్త ఉన్నాడు, కూలి లేడు. ఒక ఉత్తముడి రాజీనామాతో ప్రభుత్వం సిగ్గుపడుతుందేమోగాని లొంగదు. సిగ్గు లేని ప్రభుత్వాన్ని లొంగదీసే బలం సంఘటిత ప్రజలదే.

అట్లాగని కాంగ్రెసు మీద ఆయన వేసిన ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు. 1937లో అధికారానికి వచ్చిన రాజాజీ మంత్రివర్గం, సోషలిస్టు నాయకుడు బాట్లీవాలాను ఆ 124ఎ సెక్షను కిందనే అరెస్టు చేసింది. నిర్బంధ హిందీని వ్యతిరేకించిన వెయ్యిమందికి పైగా ఆందోళనకారులను జైలుకు పంపింది. నిన్నటి ఖైదీ ఇవాళ జైలు తాళపుచెవి పట్టుకున్నాడు. తాళం మాత్రం మార్చలేదు. స్వాతంత్ర్యం తరువాత మద్రాసు ప్రభుత్వపు శాంతిరక్షణ చట్టాలు కమ్యూనిస్టుల మీదా, రైతుసంఘాల మీదా విరుచుకుపడ్డాయి. 1950 ఫిబ్రవరిలో సేలం జైలు కాల్పుల్లో 22 మంది ఖైదీలు చనిపోయారు. ఆ మేలో 'క్రాస్ రోడ్సు' పత్రికపై నిషేధాన్ని సుప్రీంకోర్టు కొట్టివేస్తే, మరుసటి ఏడే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి మాట స్వేచ్ఛకు హద్దులు పెంచింది. ఎ. కె. గోపాలను కేసులో అదే సుప్రీంకోర్టు విచారణలేని నిర్బంధాన్ని సమర్థించింది. 1819 నాటి వీలునామాను కొత్త వారసులు అంగీకరించారన్నమాట.

ఈ వారసత్వంలో మరొక అంశాన్ని తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారి జీవితం చూపిస్తుంది. చిత్తూరులో న్యాయవాది, 1940లోనూ 1942లోనూ జైలుకు వెళ్ళిన దేశభక్తుడు, 1956 నుంచి 1962 దాకా లోకసభ స్పీకరు. 1961లో 'బ్లిట్జ్' పత్రిక ఆచార్య కృపలానీని అవహేళన చేస్తూ రాసింది. సభ దాన్ని తన హక్కుల ఉల్లంఘనగా తీర్మానించి, ఆ ఆగస్టులో సంపాదకుడు కరంజియాను సభ ముందు నిలబెట్టింది. స్పీకరు హోదాలో అయ్యంగారు మందలింపు చదివి వినిపించారు. రాజ్యాంగం 105వ అధికరణం మన పార్లమెంటుకు కామన్సు సభ హక్కులే ఇచ్చింది గనుక ఇది సాధ్యమైంది. ఆ పత్రిక రాత మర్యాదగా ఉన్నదని ఎవరూ అనలేరు. కాని అసలు ప్రశ్న మర్యాదను గురించి కాదు. రాజును ఎదిరించిన సభ్యులను రక్షించుకోవటానికి 17వ శతాబ్దిలో కామన్సు సభ సంపాదించుకున్న హక్కు అది. రాజు లేని దేశంలో, ఫిర్యాదీ, న్యాయమూర్తీ ఒకరే అయి, ఒక పౌరుడి మీద దాన్ని ప్రయోగించారు. 1978 సవరణ 105వ అధికరణం నుంచి కామన్సు సభ పేరు తీసివేసింది. ఆ హక్కులను మాత్రం అప్పటికి ఉన్నట్టే ఉంచింది. పిత్రార్జితాన్ని సందర్భం చూడకుండా అనుభవిస్తే కవచం కత్తిగా మారుతుందని చెప్పటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

తరువాతి కథ దగ్గరిదే. 1975 జూను నుంచి 1977 మార్చి దాకా అత్యవసర పరిస్థితి నడిచింది. 1976లో నిర్బంధితులకు కోర్టు తలుపు తట్టే హక్కు కూడా లేదని సుప్రీంకోర్టు చెప్పింది. జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టే 2017లో ప్రకటించింది. 124ఎ సెక్షను శిక్షాస్మృతితో పాటు 2024 జులై 1న పోయింది. కొత్త న్యాయసంహితలో 152వ సెక్షనుగా దాని ఛాయ మిగిలింది. ఇక మన సీమలోనే, 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎర్రచందనం దొంగలు దాడిచేస్తే ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులన్నారు. పౌరహక్కుల సంఘాలు ఆ మాటను ప్రశ్నించాయి. దుంగ కొట్టటం నేరమైతే దానికి చట్టముంది, శిక్ష ఉంది, విచారణ ఉంది. ఆ విచారణ అందరికంటె ఎక్కువ అవసరమైనది దుంగ కొట్టే కూలికి. దుంగ కొనే షావుకారుకు వకీళ్ళున్నారు.

పౌరహక్కులు ధనికుల అలంకారమని తోసివేసే మిత్రులు ఆలోచించవలసింది ఇక్కడే. హక్కు లేనప్పుడు ముందు చచ్చేది ధనికుడు కాదు. వారంటు, విచారణ, సాక్ష్యం, అప్పీలు: ఇవి బర్కు వంశంవారికి సంక్రమించిన ఆస్తే కావచ్చు, కాని వాటిని మొదట రాజుల చేతుల్లోంచి గుంజుకున్నది పోరాటమే. ఆ పోరాటాన్ని మరిచి ఆస్తిని మాత్రం జ్ఞాపకముంచుకోవటమే సంప్రదాయవాదుల లోపం. ఆస్తిని చూసి అసహ్యించుకుని పోరాటాన్ని మరవటం మన లోపం కాకూడదు.

కనుక బ్రిటిషువారికి ఋణపడి ఉన్నామన్న మాటా, వారినుంచి నేర్చుకోవలసిందేమీ లేదన్న మాటా రెండూ నిలవవు. ఆవు మేపే హక్కు కోల్పోయిన రైతు, పుట్టుకతో నేరస్థుడైన ఎరుకలవాడు, శేషాచలంలో పడిపోయిన కూలి, వీరి పేర్లు వారసుల జాబితాలో ఎక్కేదాకా స్వేచ్ఛ కొందరి పిత్రార్జితంగానే ఉంటుంది. పిత్రార్జితం వాటాలు పంచుకుంటే తరుగుతుంది. స్వార్జితమైన స్వేచ్ఛ పంచేకొద్దీ పెరుగుతుంది. మనం సంపాదించవలసినది ఆ రెండోది.